గ్రావెల్ బాట, బండి బాట

(స్వర్ణోత్సవ సభలో 1989 పదో తరగతి బ్యాచ్ తరఫున చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీ వాళ్లు ఫోన్ చేసి, "అమెరికాలో నువ్వేదో సైకిలు మీద కొండలెక్కుతావంట కదా, దాని గురించి చెప్పు, పిల్లలు కూడా వింటారు" అన్నారు. సాఫ్ట్‌వేర్ గురించి చెప్పమనలేదు, బతికిపోయాను.

నేను తొక్కేదాన్ని గ్రావెల్ సైకిలంటారు. మన దగ్గర గ్రావెల్ అనగానే క్వారీ, టిప్పరు, దుమ్ము గుర్తొస్తాయి. అక్కడ గ్రావెల్ అంటే తారు వేయని కంకర బాట, మట్టి బాట. ఆ బాటల కోసమే చేసిన సైకిలిది. హ్యాండిలు రేసు సైకిలుకు మాదిరి కిందికి వంగి ఉంటుంది. టైరు మాత్రం 40 నుంచి 45 మిల్లీమీటర్ల వెడల్పు. గాలి రేసు సైకిలుకు పెట్టేదాంట్లో దాదాపు సగమే. గాలి తక్కువైతే రాయి తగిలినప్పుడు టైరు నొక్కుకుంటుంది, నేలను పట్టుకుంటుంది, జారదు. చాలామంది లోపల ట్యూబు కూడా వేయరు. పాల మాదిరి ఒక ద్రవం పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే ఆ పాలే బయటికొచ్చి గడ్డకట్టి బొక్కను పూడుస్తాయి. మన నాన్నల నల్ల సైకిలు తుమ్మముళ్ల బాటలో ఇవేవీ లేకుండానే బియ్యం మూట మోసింది, అది వేరే సంగతి. నా సైకిలు ధర మాత్రం అడగొద్దు, మా ఆవిడ ఇక్కడే కూర్చుంది.

నేనుండేది కాలిఫోర్నియాలో, లాస్ ఏంజిలిస్‌కు దక్షిణాన ఆరెంజ్ కౌంటీలోని అర్వైన్‌లో. ఊరికి తూర్పున శాంటా ఆనా కొండలు. అన్నిటికన్నా ఎత్తైంది శాంటియాగో శిఖరం, 5,689 అడుగులు, మన తిరుమలకు సుమారు రెట్టింపు. దాని పక్కనే మాజెస్కా శిఖరం. రెండూ కలిసి దూరానికి గుర్రపు జీను లాగా కనిపిస్తాయి కాబట్టి ఆ కొండను సాడిల్‌బ్యాక్ అంటారు. దాని కింద చిన్న గుట్టలు, గుట్టల మధ్య కాన్యన్లు. కాన్యన్ అంటే పెద్ద మాటేం కాదు. మన వంక లాంటిదే. వేసవంతా ఎండి ఉంటుంది, వానొస్తే మనిషిని కొట్టుకుపోతుంది. తేడా ఒకటే, అక్కడ వాన చలికాలంలో పడుతుంది.

మొదటిసారి వెళ్లినప్పుడు కొత్త దేశమనిపించలేదు. బాట పక్కన నాగజెముడు. కొంచెం ముందుకు పోతే వరసగా జామాయిల్ చెట్లు, ఒకప్పుడు తోటలకు గాలి తగలకుండా నాటినవి. వసంతంలో గుట్టంతా పసుపుపచ్చ. దగ్గరికి పోయి చూస్తే ఆవ మొక్కలు! ఆ బాట పేరే మస్టర్డ్ రోడ్. కానీ అక్కడ ఆవ సొంత మొక్క కాదు, బయటి నుంచొచ్చి అల్లుకుపోయింది. మే, జూన్ వచ్చేసరికి ఎండి నిలువెత్తు చెత్తవుతుంది. నిప్పురవ్వ పడితే చాలు.

కొత్తవాళ్లకు నేను చెప్పే మొదటి దారి 'కొండ నుంచి సముద్రానికి' వెళ్లేది, 22 మైళ్లు. ఆ దారిలోనే అర్వైన్ రీజినల్ పార్కు వస్తుంది. 1897లో అక్కడి భూస్వామి జేమ్స్ అర్వైన్ 160 ఎకరాల ఓక్ చెట్ల తోపును జనం కోసం ఇచ్చాడు. ఇప్పటికీ ఆదివారం పూట కుటుంబాలు ఆ చెట్ల కిందే అన్నాలు తింటాయి. అక్కడి నుంచి పీటర్స్ కాన్యన్. 1931లో సేద్యం నీళ్ల కోసం కట్టిన చెరువొకటి ఉంది. దాని పైన గుట్ట మీద బాట ఉయ్యాల మాదిరి దిగుతుంది, లేస్తుంది. దిగేటప్పుడు ముందు బ్రేకు గట్టిగా పట్టొద్దు, బరువు వెనక్కి వెయ్యాలి. ఎక్కేటప్పుడు సీటు మీద నుంచి లేవొద్దు, లేస్తే వెనక చక్రం కంకరలో ఊరికే తిరుగుతుంది. చివర న్యూపోర్టు దగ్గర ఉప్పునీళ్ల కయ్య, కొంగలు, సముద్రపు గాలి.

రెండో దారి వైటింగ్ రాంచ్. బొరెగో కాన్యన్‌లో చెట్ల నీడన సన్నని బాట, దాటడానికి చిన్న చిన్న వాగులు. పైన ఒకచోట సైకిలు వదిలేసి నడిచిపోతే ఎర్రరాతి గోడలు వస్తాయి. సాయంత్రపు ఎండలో చూస్తే మన గండికోట అంచున నిలబడినట్టుంటుంది, కాకపోతే చాలా చిన్నది. ఇక్కడొక జాగ్రత్త. 2004 జనవరిలో ఈ పార్కులో కొండసింహం ఒక సైక్లిస్టును చంపింది, ఇంకొకామెను తీవ్రంగా గాయపరిచింది. అలాంటివి చాలా అరుదు. అయినా బోర్డు ఉంటుంది: కనిపిస్తే పరిగెత్తొద్దు, చేతులు పైకెత్తి పెద్దగా కనబడు, అరువు, సైకిలును అడ్డం పెట్టుకో. పొద్దు వాలాక ఒంటరిగా పోకపోవడమే మంచిది.

మూడో దారి కష్టమైనది, సిల్వరాడో కాన్యన్. 1870ల చివర వెండి దొరికిందని జనం ఎగబడి, నాలుగైదేళ్లకే వదిలేసిన చోటు. లోయ చివర గేటు దాటితే మేపుల్ స్ప్రింగ్స్ అనే అడవి బాట కొండ వీపు దాకా మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. 2020 అక్టోబరులో ఒకసారి, డిసెంబరులో ఇంకోసారి ఈ చుట్టుపక్కల అగ్గి అంటుకుంది. కాలిన గుట్ట వాన నీటిని తాగదు. మరుసటి ఏడాది మార్చిలో బురద, బండలు లోయలోకి జారిపడ్డాయి. అందుకే అగ్గి తర్వాత, వాన తర్వాత దారులు మూసేస్తారు. మూసిన గేటు పక్క నుంచి దూరిపోయే మొనగాళ్లు అక్కడా ఉన్నారు. తడి బాట మీద టైరు గీసిన గాడి తర్వాతి వానకు కాలవవుతుంది.

ఈ మేపుల్ స్ప్రింగ్స్ మీదే నాకు బుద్ధొచ్చింది. ఒక సెప్టెంబరు ఎండలో ఒంటరిగా పోయాను, రెండు సీసాల నీళ్లతో. పైకెక్కేసరికి రెండూ అయిపోయాయి. దిగేటప్పుడు పదునైన రాయి తగిలి టైరు పక్క గోడ చిరిగింది, రెండంగుళాలు. పాలన్నీ కారిపోయాయి. ట్యూబు ఉంది కానీ చిరుగులోంచి బయటికి ఉబ్బుతోంది. లోయలో ఫోన్‌కు సిగ్నల్ లేదు. నోరెండిపోతోంది. బండ మీద కూర్చున్నాను.

అప్పుడు గుర్తొచ్చాయి ఒకరి చేతులు. పాత టైరు ముక్క కోసి, చిరుగు దగ్గర లోపల పెట్టి, పైన ట్యూబు సర్ది, గాలి కొట్టే చేతులు. సైకిలు షాపుల్లో దాన్ని గేటరంటారు. నా దగ్గర టైరు ముక్క లేదు. జేబులో ఇరవై డాలర్ల నోటుంది. నాలుగు మడతలు పెట్టి లోపల వేశాను. నిలబడింది. మెల్లగా లోయ దిగి మొదటి ఇంటి దగ్గర నీళ్లడిగి తాగాను.

ఆ చేతులు మన బడివే. ఆయన ఇక్కడే మూడో వరసలో ఉన్నాడు. పేరు చెప్పొద్దన్నాడు, మిగతాది ఆయన ఒప్పుకున్నాకే చెబుతున్నాను. మా ఊరి నుంచి బడికి ఆరు కిలోమీటర్లు. గుట్ట పక్కన, చెరువు కట్ట వెంబడి బండి బాట. ఆరో తరగతి నుంచి ఎనిమిది దాకా నన్ను తన సైకిలు క్యారియరు మీద కూర్చోబెట్టుకుని తొక్కింది ఆయనే. తొమ్మిదిలో కరువొచ్చింది, వాళ్ల నాయన సైకిలు అమ్మేశాడు. కొన్నాళ్లు నడిచాడు, తర్వాత మానేశాడు. రెండు నెలలకు మా నాయన నాకు కొత్త సైకిలు కొనిచ్చాడు. దానికి క్యారియరుంది. "రా, ఎక్కు" అని నేను ఒక్కరోజు కూడా అడగలేదు. ఎందుకడగలేదో ఈరోజుకీ నాకు సరైన జవాబు లేదు. కొత్త సైకిలు మీద ఒక్కడినే పోతే బాగుండేది, అంతే.

మొన్న ఆయన ఇంటికి పోయి ఇదే చెప్పాను. "అయిపోయిందిలే అన్నా, టీ తాగు" అన్నాడు. చిన్నప్పుడు వాడు వీడు అనుకున్నోళ్లం. ఆ 'అన్నా' నాకు గుచ్చుకుంది. తర్వాత ఇద్దరం కలిసి ఆ బండి బాట చూడ్డానికి పోయాం. క్వారీ టిప్పర్లు తిరిగి మోకాలి లోతు గాళ్లు పడ్డాయి. కొంతమేర చేలల్లో కలిసిపోయింది. మన బడి పిల్లలిప్పుడు హైవే మీద లారీల పక్కన సైకిళ్లు తొక్కుతున్నారు. పోయినేడాది ఒక పిల్లోడు పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడని హెడ్‌మాస్టరు గారు చెప్పారు.

ఆరెంజ్ కౌంటీలో ఆ బాటలు వాటంతటవే మిగల్లేదు. భూమి బంగారమైన చోట, ఎవరో ఇవ్వబట్టి, ఎవరో అడగబట్టి, ఎవరో కాపలా కాయబట్టి మిగిలాయి. 1897లో 160 ఎకరాలు ఇచ్చారు. 2010లో అర్వైన్ కంపెనీ కౌంటీకి ఇచ్చిన కొండ భూమి సుమారు 20,000 ఎకరాలు. మనకు అంత అక్కర్లేదు. మన బాట ఊరి పటంలో ఉంది, నేను చూశాను. కావలసింది నాలుగు పనులు. కొలతలు వేసి హద్దులు చూపించమని తాసిల్దారు గారికి సంఘం తరఫున అర్జీ. హద్దు రాళ్లు. రెండు పక్కలా వేప, కానుగ మొక్కలు. బడిలో ఒక పెట్టె, అందులో పంపు, ప్యాచీలు, సొల్యూషను, స్పానర్లు. స్వర్ణోత్సవ ఆర్చికి నేను రాసిన చందాను ఈ పనికి మార్చుకోవడానికి కమిటీ ఒప్పుకుంది. మిగతా బ్యాచిలు కూడా ఆలోచించండి.

పంక్చరు వేయడం పిల్లలకు నేర్పడానికి మూడో వరసలో ఉన్నాయన ఒప్పుకున్నాడు, శనివారాలు వస్తానన్నాడు. రేపు పొద్దున ఆరింటికి బడి గేటు దగ్గర నుంచి ఆ బాట మీద మా ఊరి దాకా పోతున్నాం. ఎవరైనా రావచ్చు. నేను అద్దెకు తెచ్చిన సైకిలుకు క్యారియరుంది. ఆయన ఎక్కుతానన్నాడు. నేను తొక్కుతాను.

సెలవు.