ఉమ్మడి పూచీ: డెల్టా పట్టణాల అప్పుకు కావలసిన చట్టం

మంచినీటి చెరువు, మురుగు శుద్ధి కేంద్రం, వాననీటి కాలువ వంటివి ముప్పై నలభై ఏళ్లు అక్కరకు వచ్చే ఆస్తులు కనుక, వాటి ఖర్చు మొత్తాన్ని ఒకటి రెండేళ్ల పన్నుల మీద మోపకుండా అప్పు తెచ్చి కట్టుకుని, వాటిని వాడుకునే వారందరూ ఏటేటా కొంత చొప్పున తీర్చుకోవడం న్యాయమైన పద్ధతి. ఆ అప్పు ఏ వడ్డీకి పుడుతుందన్నది మాత్రం పట్టణం అవసరాన్ని బట్టి తేలదు. పట్టణం ఎంత పెద్దది, లెక్కలు ఎంత సరిగా ఉన్నాయి, అన్నిటికీ మించి బకాయి పడిననాడు అప్పిచ్చినవారికి చట్టం ఏ దారి చూపుతుంది అన్న మూడు విషయాలు దాన్ని నిర్ణయిస్తాయి. కృష్ణా డెల్టా పట్టణాల విషయంలో మూడోది బలపడితే మొదటి రెండూ సర్దుకుంటాయి.

బాండు అంటే పట్టణం మదుపరుల దగ్గర సొమ్ము తీసుకుని, ఇంత వడ్డీతో ఇన్నేళ్లలో తీరుస్తానని రాసి ఇచ్చే రుణపత్రం. పెడన లేదా ఉయ్యూరు వంటి చిన్న పట్టణం సొంతంగా బాండు జారీ చేయాలంటే రేటింగ్ సంస్థకు, ట్రస్టీకి, న్యాయవాదులకు, స్టాక్ ఎక్స్ఛేంజీకి కట్టే రుసుములు అప్పు చిన్నదైనంత మాత్రాన పెద్దగా తగ్గవు. పైగా మళ్లీ అమ్ముకోవడం కష్టమైన చిన్న బాండును కొనడానికి బీమా సంస్థలు, భవిష్యనిధులు ముందుకు రావు, వచ్చినా ఎక్కువ వడ్డీ అడుగుతాయి. పది పట్టణాల అప్పులను ఒకే సంస్థ ఒక్క బాండుగా చేసి అమ్మితే ఆ రుసుములు పది చోట్ల పంచుకుపోతాయి, ఒక పట్టణం తడబడినా మిగిలిన తొమ్మిదింటి వాయిదాలు వస్తూనే ఉంటాయి. దీనినే ఉమ్మడి నిధి పద్ధతి అంటారు. 1904 సహకార పరపతి చట్టం కింద గ్రామ సంఘం సభ్యులు ఒకరి బాకీకి ఒకరు పూచీ పడి, ఒంటరి రైతుకు పుట్టని అప్పును తక్కువ వడ్డీకి పుట్టించుకున్న తీరు డెల్టాకు కొత్త కాదు.

దేశంలో ఈ పద్ధతికి దారి వేసింది తమిళనాడు. అక్కడ 2002లో నీటి సరఫరా, పారిశుద్ధ్య ఉమ్మడి నిధి పదికి పైగా చిన్న పట్టణాల తరఫున 9.20 శాతం వడ్డీకి, 15 ఏళ్ల గడువుతో 30.41 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది. మొత్తం చిన్నదే గాని, దాని వెనుక కట్టిన రక్షణలు నిశితంగా పరిశీలించదగినవి. ప్రతి పట్టణమూ ఏడాది వాయిదాను తొమ్మిది భాగాలు చేసి, నెలకో భాగాన్ని ఎస్క్రో ఖాతాలో, అంటే వాయిదా తీర్చడానికి తప్ప మరి దేనికీ ముట్టుకోరాని ఖాతాలో, వేయవలసి ఉండేది. అలా తొమ్మిది నెలల్లోనే ఏడాది బాకీకి సరిపడా సొమ్ము చేరేది, మిగిలిన మూడు నెలలు వెసులుబాటుగా ఉండేవి. అప్పటికీ లోటు పడితే రాష్ట్ర ఆర్థిక సంఘం సిఫారసు మేరకు ఆ పట్టణానికి వెళ్లవలసిన వాటాను ప్రభుత్వం మినహాయించి నేరుగా నిధికి జమ చేసే ఏర్పాటు ఉండేది. దాని వెనుక ఒక నిల్వ నిధి, ఆ వెనుక అసలులో సగానికి అమెరికా అభివృద్ధి సంస్థ యూఎస్ఎయిడ్ హామీ నిలిచాయి. 2005లో కర్ణాటక బెంగళూరు చుట్టూ ఉన్న ఎనిమిది పట్టణాల కోసం ఇదే బాటన 100 కోట్లు సేకరించగా, పన్ను మినహాయింపు తోడవడంతో వడ్డీ 5.95 శాతానికి దిగింది. మరుసటి ఏడాది కేంద్రం ఉమ్మడి ఆర్థిక అభివృద్ధి నిధి పథకాన్ని ప్రకటించింది. కానీ పథకం మారవచ్చు, ఆగిపోవచ్చు. చట్టానికి ఉన్న నిలకడ దానికి ఉండదు. న్యూజిలాండ్ 2011లో ప్రత్యేక చట్టం చేసి, స్థానిక మండళ్లే ప్రధాన వాటాదారులుగా ఒక రుణ సంస్థను నెలకొల్పడంలోని వివేకం అదే.

తెలుగు నేల మీద ఇప్పటికీ స్థానిక సంస్థల రుణాలకు ఆధారమైన కేంద్ర చట్టం 1914 నాటిది. అది ప్రభుత్వ అనుమతితో ఒక్కొక్క సంస్థ తన నిధుల పూచీ మీద తెచ్చుకునే అప్పును ఊహించింది గాని, పట్టణాలు జట్టు కట్టడాన్ని ఊహించలేదు. ఇక రాష్ట్రం హామీ ఇస్తే చాలుననే నమ్మకాన్ని 2018 ఆగస్టు ప్రశ్నించింది. ఆ నెలలో ఆంధ్రప్రదేశ్ రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ రాష్ట్ర ప్రభుత్వ హామీతో సేకరించిన 2,000 కోట్ల అమరావతి బాండ్లకు 10.32 శాతం వడ్డీ పడగా, అదే నెలలో హైదరాబాద్ మహానగరపాలక సంస్థ తన సొంత రాబడి బలం మీద 195 కోట్లను 9.38 శాతానికి తెచ్చుకుంది. రెండు సంస్థల స్వభావం, అప్పుల పరిమాణం వేరైనా, ఏటా చేతికి వచ్చే ఆస్తిపన్నును మదుపరి ఎంతగా నమ్ముతాడో ఈ తేడా చెబుతుంది.

అటువంటి ఆస్తిపన్నును 2020లో రాష్ట్రం సంస్కరించింది. కేంద్రం పెట్టిన షరతు ప్రకారం పన్నును భూముల, భవనాల విలువతో ముడిపెట్టి, నీటి రుసుములను సవరించినందుకు ప్రతిఫలంగా ఆంధ్రప్రదేశ్‌కు 2,525 కోట్ల అదనపు అప్పుకు అనుమతి లభించింది. ఆ అనుమతి దక్కింది రాష్ట్రానికి. పెరిగిన పన్ను కట్టింది గుడివాడ, తెనాలి, బందరు గృహస్థులు. పట్టణాల సంస్కరణ పట్టణాల రుణశక్తిగా మారకపోవడం సహించదగిన విషయం కాదు.

ఉమ్మడి పూచీ అనగానే చిన్న పట్టణాల బాకీ భారం విజయవాడ మీద పడుతుందన్న అభ్యంతరం వస్తుంది. న్యూజిలాండ్‌లో ఆ పూచీని ఆయా మండళ్ల పన్ను రాబడి నిష్పత్తిలో పంచారు గనుక దానికి పరిష్కారం లేకపోలేదు. అసలు విజయవాడ దిగువ పట్టణాలతో ముడిపడి ఉన్నదే కాలువల ద్వారా. ప్రకాశం బ్యారేజీ నుంచి నగరం నడుమ సాగే బందరు, ఏలూరు, రైవస్ కాలువల్లో నగరపు మురుగు కలుస్తోంది. దిగువన ఆ కాలువల నీటినే చెరువుల్లో నింపుకుని, వేసవిలో కాలువలు కట్టేశాక నెలల తరబడి తాగే ఊళ్లున్నాయి. విజయవాడలో కట్టే ఒక శుద్ధి కేంద్రం వల్ల దిగువ పట్టణాలకూ లాభం కలిగినప్పుడు, అప్పును విడివిడిగా లెక్కించడమే అసహజం.

కనుక రాష్ట్ర శాసనసభ చేయవలసిన చట్టంలో కొన్ని అంశాలకు రాజీ లేదు. ఎస్క్రో ఖాతాలోకి వెళ్లే సొమ్ము జీతాలకు, గుత్తేదారుల బిల్లులకు ముందు వరుసలో ఉండాలి. బకాయి పడిన పట్టణం వాటాను మినహాయించడానికి మళ్లీ జీవో కోసం ఎదురుచూడనక్కరలేకుండా, గడువు దాటిన రోజునే అది జరిగిపోవాలి. రాబడికి మించి అప్పు చేయకుండా పరిమితి ఉండాలి, తనిఖీ అయిన లెక్కలు సకాలంలో ఇవ్వని పట్టణానికి కొత్త రుణం ఆగాలి. రాష్ట్ర ఖజానా నుంచి తీర్చే సంస్థల అప్పులను 2022 నుంచి కేంద్రం రాష్ట్ర రుణ పరిమితిలోనే కలుపుతున్నందున, ఈ చట్టం కింద ఏర్పడే ఉమ్మడి నిధి పట్టణాల సొంత రాబడి మీద నిలబడడం మరింత అవసరం. దాని పాలకమండలిలో ఎన్నికైన కౌన్సిళ్ల ప్రతినిధులకు ఆధిక్యం ఉండాలి, ఎందుకంటే ఆ అప్పు తీర్చేది వారిని ఎన్నుకున్న పన్నుదారులే.