నడిచి చూద్దాం మన అడవిని



చిట్యాలలో ఉండే మనకు హైవే మీద లారీల చప్పుడే అలవాటు. మన నల్లగొండ జిల్లా అంచు నుంచి నాగర్‌కర్నూల్ దాకా 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉందని చాలామందికి గుర్తుండదు.

చైత్ర పౌర్ణమికి ఆ అడవిలోని సలేశ్వరం జాతరకు మేము హాస్టల్ ఆడపిల్లలతో వెళ్లినం. బండి ఆగిన కాడి నుంచి నడకే. "వస్తున్నం లింగమయ్యా" అంటూ జనంతో పాటు రాళ్ల మీదుగా లోయలోకి దిగినం. కింద జలపాతం, గుహలో లింగమయ్య, పూజ చేసే చెంచులు.

తోవలో ఒక చెంచు తాత చెట్టు చెట్టుకూ పేరు చెప్పిండు, ఏది దేనికి మందో చెప్పిండు. పాఠాలు చెప్పే మాకు వాటిలో సగం తెలియవు. బండిలో పోతే ఆ తెలియనితనం కూడా తెలిసేది కాదు.

పులుల కోసం పెంటలు వదిలి బయటికి రమ్మనే మాట చెంచులు ఏళ్లుగా వింటున్నరు. మనం చూసిపోయే చోటు వాళ్లకు ఇల్లు. అందుకే తిరుగుదారిలో జనం పారేసిన ప్లాస్టిక్ సీసాలు ఏరుకుంటూ వచ్చినం.

మీరూ వెళ్లండి. అనుమతి ఉన్న దారిలోనే, పొద్దుండగానే, చెంచుల తోడుతో నడవండి. వెళ్లేముందు మీ తండాలో అవ్వను అడిగి పది చెట్ల పేర్లు నేర్చుకోండి.

సెలవు.