సేవను తూచుట ఎట్లా?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట ఇటువంటి విషయం ఎత్తుతున్నందుకు ముందుగా మన్నించవలసిందిగా కోరుతున్నాము. ఇందాక మనమందరమూ తిన్న పచ్చడిలో వేపపువ్వు కూడ ఉన్నది గదా, ఆ ధైర్యంతోనే మొదలుపెడుతున్నాము. "మన కుటుంబాలకు పనికివచ్చే మాట ఏదైనా చెప్పండి" అని కార్యదర్శిగారు అడిగారు. మాకు తెలిసిన పనికివచ్చే మాట ఇది ఒక్కటే. దానిని మేము కొంత ఖరీదు పెట్టి నేర్చుకున్నాము.

మన తాతలు ఈ మహారాష్ట్రదేశానికి మగ్గం పనికో, రాతిపనికో, మిల్లు పనికో వచ్చినప్పుడు ఒక్కొక్క ఇంట్లో పదిమంది ఉండేవారు. ముసలివారు మంచం పడితే ఒకరు కాకపోతే ఒకరు చూచేవారు. ఇప్పుడు ఇళ్ళు చిన్నవైనవి. ఇంట్లో ఉన్న ఇద్దరూ ఉద్యోగానికి పోవలసినవారే. ముసలివారి సంఖ్య మాత్రం పెరిగింది. 2011 జనాభా లెక్కలనాటికే మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారు 10 కోట్లకు పైగా ఉన్నారు. పక్షవాతం వచ్చినా, తుంటి ఎముక విరిగినా ఆసుపత్రివారు కొద్దిరోజులు ఉంచుకొని పంపివేస్తారు. ఆ తరువాత మనిషిని మళ్ళీ లేపి కూర్చోబెట్టే పని మిగిలి ఉంటుంది. ఆ పనికోసమే నర్సింగు హోములు, పునరావాస గృహాలు వెలసినవి. వాటిని తప్పు పట్టడానికి మేము రాలేదు. వాటిలో మంచిదేదో, కానిదేదో ఎట్లా తూచాలన్నదే మా ప్రశ్న.

మా మేనత్తగారు షోలాపూరులో యాభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. మరాఠీలో బేరమాడితే ఎంతటి దుకాణదారుడైనా దిగిరావలసిందే. ఆమెకు పిల్లలు లేరు. మామయ్యగారు పోయిన తరువాత మేమే దిక్కు. డెబ్బైయెనిమిదో ఏట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినవి; మాట తడబడింది. పూణేకు తీసుకువచ్చి వైద్యం చేయించాము. ఆసుపత్రినుంచి పంపేటప్పుడు వైద్యులు, "మొదటి మూడు నెలలు ముఖ్యం. రోజూ వ్యాయామం చేయించేచోట ఉంచండి" అన్నారు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. వెదికి వెదికి ఒక నర్సింగు హోములో చేర్చాము.

చేర్చేముందు మేము చూచినదేమిటో దాచకుండా చెబుతాము. నున్నని నేల చూచాము. గాజు తలుపులు చూచాము. వాకిట్లో చేపల తొట్టె చూచాము. ఫీజు ఎక్కువ గనుక సేవ కూడ ఎక్కువే అయి ఉంటుందనుకున్నాము. ప్రతి ఆదివారం పదకొండు గంటలకు వెళ్ళేవారము. తల దువ్వి, ముఖానికి పౌడరు రాసి, ఉతికిన దుప్పటి కప్పి, కుర్చీలో కూర్చోబెట్టి ఉంచేవారు. సంతోషించి ఇంటికి వచ్చేవారము.

మూడో ఆదివారం ఆయా ఒకామె నవ్వుతూ చెప్పింది: "అమ్మగారికి నీలం రంగంటే ఎంత ఇష్టమో! రోజంతా 'నిళా, నిళా' అంటారు. అందుకే నీలం దుప్పటి వేశాము." మరాఠీలో నిళా అంటే నీలం. మా అత్త అడుగుతున్నది నీళ్ళు.

యాభై ఏళ్ళు మాట్లాడిన మరాఠీ ఆ జబ్బుతో జారిపోయింది. తల్లి దగ్గర నేర్చిన తెలుగు మిగిలింది. అందరికీ ఇట్లాగే జరుగుతుందని కాదు. రెండు భాషలూ పోయినవారున్నారు, రెండవదే మిగిలినవారూ ఉన్నారు. కాని మతిమరుపు వ్యాధిలోనూ, పక్షవాతంలోనూ చిన్ననాటి మాటే ఆఖరికి మిగలడం చాలమంది విషయంలో వైద్యులు చూచినదే. ఆ పిల్లకు మేము ఆ మాట అర్థం చెప్పి, ఇంక సరిపోయిందనుకొని వచ్చేశాము. అది మా రెండవ తప్పు.

నలభై రోజుల తరువాత ఒక బుధవారం సాయంత్రం ఏడు గంటలకు, సెలవు దొరికి, చెప్పకుండా వెళ్ళాము. ఆమె వెల్లకిలా పడుకొని ఉన్నది. అన్నం పళ్ళెం కుడివైపు బల్లమీద చల్లారి ఉన్నది. ఆమెకు కుడి చెయ్యి లేవదు. దుప్పటి తీసి చూస్తే మడమ నల్లబడి ఉన్నది; నడుము కింద అరచేతిలో సగమంత పుండు. తూకం వేయిస్తే ఆసుపత్రిలో 52 కిలోలున్న మనిషి 46 కిలోలు తూగింది.

కోపంతో అరిచాము. రాత్రిపూట ఇరవైయారుమంది రోగులకు ఇద్దరే ఆయాలని అప్పుడు తెలిసింది. వారిలో ఒక పిల్ల కన్నీళ్ళు పెట్టుకొని, "నేను ఇటునుంచి అటు పోయేసరికే తెల్లవారుతుంది, ఎవరినని తిప్పను?" అన్నది. ఆమె మాట నిజం. తప్పు ఆ పిల్లది కాదు. ఆమెను అట్లా నిలబెట్టినవారిది కొంత, ఆ లెక్క అడగని మాది కొంత.

అవెడిస్ డొనబేడియన్ అని ఒక వైద్యుడుండేవాడు. బేరూతులో పుట్టి అమెరికాలో స్థిరపడినవాడు, మనబోటి వలసవాడే. వైద్యం నాణ్యతను ఎట్లా కొలవాలని 1966లో ఆయన ఒక వ్యాసం రాశాడు. అందులో మూడు చూడమన్నాడు: ఏమేమి వసతులున్నవి, పని ఎట్లా జరుగుతున్నది, చివరకు రోగికి ఏమైనది. మేము మొదటిదానిలో సగం చూచి, మిగిలిన రెండున్నర వదిలివేశాము. చేపల తొట్టె వసతి క్రిందికే వస్తుంది. రాత్రి ఎందరు ఆయాలన్నదీ ఆ క్రిందికే వస్తుంది. మాకు మొదటిది కనబడింది, రెండవది కనబడలేదు.

ఆ తరువాత మేము నాలుగు తూనికరాళ్ళు పట్టుకొని తిరిగాము. అవి చర్మం, బరువు, కదలిక, మాట. వీటికి చదువు అక్కరలేదు. వెళ్ళి చూచే ఓపిక కావాలి.

మొదటిది చర్మం. కదలలేని మనిషి ఒకే వైపు పడుకుంటే ఎముక నొక్కుడుకు రక్తం ఆడక పుండు పడుతుంది. మడమలు, తుంటి, నడుము చివర, భుజం రెక్కలు, తల వెనుక భాగం చూడాలి. ఎర్రబడినచోట వేలితో నొక్కి వదిలినా ఎరుపు పోకపోతే అది పుండుకు మొదలు. మనవంటి చామనచాయవారికి ఎరుపు సరిగా కనబడదు గనుక, చేత్తో తాకి వెచ్చగా, గట్టిగా ఉన్నదేమో చూడాలి. సాధారణంగా రెండేసి గంటలకొకసారి పక్క మార్చాలంటారు; ఎవరికి ఎంతసేపటికన్నది వైద్యులు చెప్పాలి. మార్చిన వేళ కాగితంమీద రాస్తున్నారా అని అడగండి. ఒక న్యాయం కూడ చెప్పాలి: ఎంత జాగ్రత్తగా చూచినా, చాల జబ్బుపడినవారికి పుండు పడవచ్చు. కాబట్టి పుండు ఉన్నదా అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. ఎప్పుడు గుర్తించారు, ఆనాడే మనకు చెప్పారా, ఆనాటినుంచి ఏమి చేశారు అని అడగాలి. మంచి గృహం తానే ముందుగా చెబుతుంది.

రెండవది బరువు. నెలకొకసారి తూచి రాయాలి. నెలలో నూటికి ఐదు వంతులు, ఆరు నెలల్లో నూటికి పదివంతులు కోరకుండానే తగ్గితే అది వైద్యునికి చూపవలసిన సంగతి. 50 కిలోల మనిషికి నెలలో రెండున్నర కిలోలన్నమాట. భోజనవేళకు వెళ్ళి చూడండి. పళ్ళెం ఏ చేతివైపు పెట్టారు? నిటారుగా కూర్చోబెట్టి తినిపిస్తున్నారా, పడుకోబెట్టి నోట్లో పోస్తున్నారా? పక్షవాతం వచ్చినవారికి మింగడంలో తేడా ఉంటే అన్నమూ నీళ్ళూ ఊపిరితిత్తుల్లోకి పోయి జ్వరం తెస్తవి. తిన్న తరువాత అరగంటైనా కూర్చోబెట్టి ఉంచాలి.

మూడవది కదలిక. ఫిజియోథెరపీ అని బిల్లులో రాసి ఉంటుంది. ఆ వేళకు వెళ్ళి, ఎంతసేపు చేయించారో చూడండి. పోయిన నెల చేయలేనిది ఈ నెల ఏమి చేయగలుగుతున్నారో అడగండి. మంచంమీద తనంత తాను పక్కకు తిరగడం, లేచి కూర్చోవడం, ఎడమచేత్తో ముద్ద తీసుకోవడం, ఇవన్నీ మెట్లే. ఎప్పుడు వెళ్ళినా మగతగా ఉంటే ఏ మాత్రలు ఇస్తున్నారో చీటీ చూపించమనండి. కొందరిని కుర్చీకి గుడ్డతో కట్టివేయడం కూడ జరుగుతుంది; కారణమేమిటని తప్పక అడగాలి.

నాలుగవది మాట. మనవారు ఏ భాషలో బాధ చెప్పుకుంటారో అక్కడివారికి తెలుసునా? నొప్పి, మంట, దాహం, చలి, దొడ్డికి అన్న ఈ ఐదు మాటలు తెలియనిచోట రోగి మూగవాడితో సమానం. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడిగారు, తోటి పరిశోధకులు 648 మంది మతిమరుపు రోగులను పరిశీలించి 2013లో ఒక సంగతి ప్రకటించారు. ఒక్క భాషే వచ్చినవారికంటే రెండు భాషలు వచ్చినవారిలో ఆ జబ్బు సుమారు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనబడింది. రెండు భాషలతో బ్రతికే మనబోటివారికి ఇది సంతోషకరమైన మాటే. కాని ఆలస్యంగానైనా జబ్బు వచ్చిననాడు, ఆ రెండింటిలో ఏది మిగులుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. మిగిలినదానికి బదులు పలికే మనిషి కావాలి.

ఈ నాలుగు రాళ్ళతో తూచి మా అత్తగారిని మరొకచోటికి మార్చాము. పాత ఇల్లు, గచ్చు నేల, గాజు తలుపులు లేవు. కాని మంచానికి ఒక అట్ట వేలాడుతున్నది. ఎప్పుడు ఎటు తిప్పిందీ రాసి ఉన్నది. రాత్రికి ఎనిమిదిమందికి ఒక ఆయా. అక్కడి నర్సమ్మ మా చేత ఇరవై తెలుగు మాటలు చెప్పించుకొని నాగరి లిపిలో రాసి గోడకు అంటించింది. మూడు నెలలకు పుండు మానింది. ఐదు నెలలకు అత్తగారు ఎడమచేత్తో అన్నం తింటూ మా ఇంటికి వచ్చింది. రెండేళ్ళు ఉండి, మా చేతుల్లోనే పోయింది. కుడి చెయ్యి మటుకు తిరిగి రాలేదు. ఆ మొదటి నలభై రోజులూ వ్యాయామం సక్రమంగా జరిగి ఉంటే వచ్చేదేమో, రాకపోయేదేమో. ఆ లెక్క మాకు తేలలేదు. తేలేది కూడ కాదు.

చట్టం సంగతి రెండు మాటలు. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. పోషణ అంటే తిండి, బట్ట, వసతి మాత్రమే కాదు, వైద్యం కూడ అని ఆ చట్టమే చెబుతున్నది. పిల్లలు లేని వృద్ధుల ఆస్తిని అనుభవించేవారిమీద, వారసత్వంగా పొందబోయేవారిమీద కూడ ఆ బాధ్యత ఉన్నది. ఇక 14567 అనే టెలిఫోను నెంబరు ఉన్నది. 2017లో హైదరాబాదులో మొదలై, తరువాత దేశమంతటికీ విస్తరించిన వృద్ధుల సహాయ లైను ఇది. ఖర్చు లేదు. ఈ నెంబరు ప్రతి ఇంటి క్యాలెండరుమీద రాసి ఉంచుకోవలసిందిగా మనవి.

ఇక మన సంఘానికి మా విన్నపము. ఈ ఊళ్ళోని నర్సింగు హోములలో మన తెలుగు ముసలివారు ఎందరున్నారో మనకు తెలియదు. ముందు ఆ పేర్లు కూడగట్టుకుందాము. ఆపైన నెలకు రెండుసార్లు ఇద్దరేసి చొప్పున, ఇంటివారి అనుమతితో, ఆదివారం పదకొండు గంటలకు కాక భోజనవేళకు, సాయంత్రంవేళకు వెళ్ళి వద్దాము. ఇరవై తెలుగు మాటల అట్ట ఒకటి నాగరి లిపిలో అచ్చువేసి ప్రతి హోముకు ఇద్దాము. దీనికి పెద్ద చందా అక్కరలేదు. నాటకానికి రంగస్థలం కట్టడంలో మన యువకులు చూపే శ్రద్ధలో నాలుగో వంతు చాలును.

ఆయాలను నేరస్థులుగా చూడవద్దని కూడ కోరుతున్నాము. వెళ్ళినప్పుడు వారి పేరు అడగండి. రాత్రి ఎందరిని చూస్తున్నారో అడగండి. బాగా చూచినవారిని వారి యజమాని ఎదుటనే మెచ్చుకోండి.

ఈ ఉగాదినాడు మీ ఇంట పెద్దవారెవరైనా మంచంమీద ఉంటే, పచ్చడి ఇచ్చే ముందు ఒక్కసారి దుప్పటి తొలగించి మడమలు చూడండి. తరువాత, దాహంగా ఉన్నదా అని తెలుగులో అడగండి.