నిద్రమాత్రతో తీరని అలసట



సత్రపట్టిలో మరమగ్గాల చప్పుడు ఎవరికీ కొత్త కాదు. ఇక్కడ నేసిన బ్యాండేజీ గుడ్డను ఎక్కడో ఆసుపత్రుల్లో గాయాలకు చుడతారు. ఈ మగ్గాల దగ్గరా, రాజపాళయం చుట్టుపక్కల నూలు మిల్లుల్లోనూ రాత్రి షిఫ్టు చేసి, పగలు నిద్ర పట్టక బాధపడేవారి గాయానికి ఏ కట్టు కడదాం? ఈ రోజు మాట్లాడుకోవలసింది అదే.

దేవుడు మన ఒంట్లోనే ఒక గడియారం పెట్టాడు. అది ఎలా నడుస్తుందో కనుగొన్న ముగ్గురు శాస్త్రవేత్తలకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది. చీకటి పడగానే మెదడులోని పీనియల్ గ్రంథి మెలటోనిన్ అనే హార్మోనును వదులుతుంది. రాత్రయిందని ఒంటికి అందే కబురు అది.

అమెరికా వెళ్లిన మన పిల్లలు మొదటి కొద్ది రోజులు అర్ధరాత్రి మేలుకొని కూర్చుంటారు. దాన్నే జెట్‌లాగ్ అంటాం. అక్కడ పడుకునే వేళకు కొద్ది మోతాదులో మెలటోనిన్ వేసుకుంటే మేలు జరుగుతుందని 2002లో వైద్య పరిశోధనల సమీక్ష ఒకటి తేల్చింది. కొన్నాళ్లకు అక్కడి ఎండ, అక్కడి చీకటి ఆ గడియారాన్ని సరిచేస్తాయి.

రాత్రి షిఫ్టు చేసేవారికి ఆ సాయం లేదు. ఇంటికి వచ్చేసరికి సూర్యుడు ఎదురుగా ఉంటాడు. వారం తిరిగేసరికి షిఫ్టు మారుతుంది. విమానం ఎక్కకుండానే ప్రయాణం చేస్తూ, ఏ ఊరూ చేరని వాళ్లు వీళ్లు. వీరికి మెలటోనిన్ ఇచ్చి చూసిన పరిశోధనలను 2014లో సమీక్షిస్తే, పగటి నిద్ర పెరిగింది సుమారు 24 నిమిషాలే!

అందుకే కొందరు అల్ప్రజోలం వంటి మాత్రలకు చేయి చాస్తారు. అది షెడ్యూల్ హెచ్-1 మందు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అలవాటైతే వదలదు, మద్యంతో కలిస్తే ప్రాణాలకే ముప్పు. ఇప్పటికే చాలాకాలంగా వాడుతున్నవారు ఒక్కసారిగా మానేయవద్దు. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

మాత్ర తప్పని మేము అనడం లేదు. అవసరమైనవారికి వైద్యం దేవుని వరమే. అయితే షిఫ్టు చేసిన గాయాన్ని మాత్ర ఒక్కటే మాన్పలేదు. రాత్రి షిఫ్టు పని బహుశా క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లో చెప్పింది, 2019లో మళ్లీ అదే చెప్పింది.

ఏలీయాను గుర్తు చేసుకోండి. చావు కోరుకునేంతగా అలసిపోయి చెట్టు కింద పడుకున్నప్పుడు దేవదూత అతన్ని గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. విశ్రాంతి దినం యజమానికే కాదు, దాసునికీ దాసికీ అని ధర్మశాస్త్రం చెప్పింది. అలాంటప్పుడు ఆదివారం ఆరాధనలో కునికే చెల్లెలిని మనం ఎందుకు గద్దిస్తున్నాం? రాత్రి ప్రార్థనకు రాలేదని విశ్వాసం తక్కువంటున్నామా? తెల్లవారుజామున మన మైకు ఎవరి నిద్ర చెడగొడుతోంది?

ముందు మన ఇంట్లో మొదలుపెడదాం. రాత్రి పని చేసి వచ్చినవారికి ఒక చీకటి గది, నిశ్శబ్దం ఇద్దాం. షిఫ్టు చివరి గంటల్లో టీ తగ్గించమని, నిద్రమత్తులో బండి నడపవద్దని చెబుదాం. తర్వాత పని చోట కలిసి అడుగుదాం: షిఫ్టులు ముందే చెప్పాలి, ఉదయం నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి వరుసలో మార్చాలి. వారానికి ఒక సెలవు, అదనపు గంటలకు రెట్టింపు కూలి చట్టమే రాసిపెట్టింది. ఆ చట్టం కిందికి రాని చిన్న షెడ్లలో పనిచేసేవారి తరఫున కూడా మనమే నోరు విప్పాలి.

పడవలో తుఫాను మధ్య నిద్రపోయిన ప్రభువు, అలసిన ప్రతి దేహానికీ నిద్ర దయచేయును గాక. ఆ నిద్రకు అడ్డుపడని సంఘంగా మనల్ని మార్చును గాక. ఆమేన్.