లెక్కతో పుట్టిన కొండలు

కొండను గీయుట చిత్రకారునికి క్రొత్త కాదు. కొండను లెక్కతో పుట్టించుట మాత్రము నిన్నమొన్నటి విద్య. 1980లో లోరెన్ కార్పెంటర్ అను బోయింగ్ సంస్థ ఉద్యోగి 'వోల్ లీబ్ర్' అను రెండు నిమిషముల చిత్రమును ప్రదర్శించెను. అందలి పర్వతములలో ఒక్కటియు లోకములో లేదు. త్రిభుజములను చీల్చి, నడిమి బిందువులను కొంచెము పైకో క్రిందికో జరిపి, మరల మరల చీల్చుచు ఆయన వానిని సృష్టించెను. దీనికి మూలము మాండెల్‌బ్రాట్ పండితుని గణితము.

నేడు ఇట్టి సాధనములు ఇంటి కంప్యూటరులోనే పనిచేయుచున్నవి. వీనిలో నేల యనగా చదరంగపు బల్లవంటి గళ్లు, గడికొక ఎత్తు. (గడికి ఒకే ఎత్తు గనుక గుహ గాని, ముందుకు వ్రేలాడు చరియ గాని ఇందులో ఇమడదు.)

కొండ పొట్టిగా తోచగానే క్రొత్తవారు ఎత్తులన్నింటిని రెట్టింతురు. అడుగు విస్తీర్ణము మారలేదు గదా! అందుచేత వాలును మారును. అయితే, శ్రోతలారా, కోణము రెట్టింపు కాదు. 30 డిగ్రీల వాలు 60 కాక, సుమారు 49 అగును. 45 డిగ్రీలది 63కు చేరును. పొడి ఇసుక సుమారు 34 డిగ్రీలకు మించి నిలువదు, జారిపోవును. కావున ఇసుకదిబ్బను 49 డిగ్రీలకు నిలువబెట్టినచో, కారణము చెప్పలేకున్నను చూచువాని కన్ను నమ్మదు.

ఎత్తు పెరిగియు వాలు మారకుండవలెనన్న, అడ్డుకొలతలనుకూడ అంతే పెంచవలెను. ఇరుగుపొరుగు గళ్ల సగటుతో నేలను నునుపు చేసినచో వాలు తగ్గును గాని, శిఖరముకూడ కొంత కరగును. మాకు ఎక్కువ నచ్చినది వేరొక ఉపాయము. ఎత్తులను సున్న మొదలు ఒకటి వరకు కుదించి, ప్రతిదానిని దానితోనే గుణించుట. సగము పావగును, ఒకటి ఒకటిగానే నిలుచును. లోయలు విశాలమగును, శిఖరముల దాపున వాలు నిటారగును.

మెట్ల సంగతియు కలదు. పట్టికలో 256 అంతరములే ఉన్నచో, 2,560 మీటర్ల కొండకు మెట్టు సుమారు 10 మీటర్లు. నున్నని వాలు కోనేటి మెట్లవలె కనబడును. 65,536 అంతరములున్నచో ఈ బాధ లేదు.

కల్పిత పర్వతములను ఎట్లు సాగదీసినను నష్టము లేదు. కాని 2000లో ఎండెవర్ వ్యోమనౌక రాడారుతో కొలిచిన నిజమైన ఎత్తులనుకూడ ఈ సాధనములలో పోయవచ్చును. మన తూర్పు కనుమలును అందున్నవి. అక్కడ ఎత్తును మూడింతలు చేసినచో ఆ సంగతి బొమ్మ క్రింద వ్రాసి తీరవలెనని మా పట్టుదల. లేనిచో పదడుగులకు ఒక అడుగు లేచు బండిదారి, బడిపిల్లవానికి మూడడుగులు లేచునట్లు కనబడును.