బెర్లిన్ దారిలో భిలాయి: నటుడు హబీబ్ తన్వీర్ జీవితం

(భిలాయి-3లో తెలుగు కుటుంబాల సాహిత్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక నటుని జీవితాన్ని గురించి ప్రసంగించవలసిందని నిర్వాహకులు నన్ను కోరారు. నేను ఏ ఆంధ్ర నటుని గురించో మాట్లాడుతానని మీరు అనుకొని ఉంటారు. కాని నేను ఎన్నుకొన్న వ్యక్తి తెలుగువారు కారు. మన స్టేషనులో రైలు ఎక్కితే గంటలోపే చేరుకోగల రాయపూర్ నగరంలో ఆయన జన్మించారు. ఆయన నాటకాలలో మిక్కిలి ప్రసిద్ధి పొందినది మొదట రూపు దిద్దుకొన్నది మన భిలాయిలోనే. ఆయన పేరు హబీబ్ తన్వీర్. ఆయన జీవితం నుంచి మనం, ముఖ్యంగా ఊరు విడిచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనం, నేర్చుకోవలసిన పాఠం ఒకటి ఉన్నది. అది భాషకు సంబంధించిన పాఠం. దానిని ముందు నా అనుభవంతో మొదలుపెడతాను.

నేను హిందీ నుంచి తెలుగులోకి అనువాదాలు చేస్తూ ఉంటాను. కొన్నేళ్ళ క్రితం హబీబ్ గారి ‘చరణ్‌దాస్ చోర్’ నాటకంలోని రెండు దృశ్యాలను తెలుగు చేసి, ఇక్కడి మిత్రుల ఇంట పదిమంది ఎదుట చదివాను. సంధులూ సమాసాలూ పొందికగా కుదిరాయని నాలో నేను సంతోషించాను. చదవడం ముగిసిన తరువాత, శ్రీకాకుళం ప్రాంతం నుంచి వచ్చి ఇక్కడ రైల్వే యార్డులో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్న ఒక పెద్దాయన, “అంతా బాగుంది గాని బాబూ, ఈ దొంగ మేస్టారిలాగ మాటాడతన్నాడేటి?” అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ పెద్దాయన ఒక్క వాక్యంలో చెప్పిన విషయాన్ని గ్రహించడానికి హబీబ్ తన్వీర్ వంటి ప్రతిభాశాలికి పదిహేను సంవత్సరాలు పట్టిందని తరువాత తెలుసుకొన్నాను.

హబీబ్ 1923 సెప్టెంబరు 1వ తేదీన జన్మించారు. అసలు పేరు హబీబ్ అహమ్మద్ ఖాన్. తండ్రి పెషావరు నుంచి వచ్చి రాయపూర్‌లో స్థిరపడినవారు. కవిత్వం వ్రాయడం ప్రారంభించినప్పుడు పెట్టుకొన్న కలంపేరు ‘తన్వీర్’. నాగపూరు మోరిస్ కళాశాలలో 1944లో బి.ఎ. పూర్తిచేసి, అలీగఢ్‌లో కొంతకాలం ఎం.ఎ. చదివి, దానిని మధ్యలో విడిచిపెట్టి 1945లో బొంబాయి చేరుకొన్నారు. అక్కడ ఆకాశవాణిలో పనిచేశారు. చలనచిత్రాలకు పాటలు వ్రాశారు. కొన్ని చిత్రాలలో నటించారు. సినిమా ఆకర్షణ ఎంత ఉన్నా, అభ్యుదయ రచయితల సంఘమూ, 1943లో స్థాపితమైన భారత ప్రజా నాట్య సంఘమూ ఆయనను నాటకరంగం వైపు త్రిప్పాయి. ఆ నాట్య సంఘానికి ఆంధ్ర దేశంలో శాఖగా ప్రజానాట్యమండలి వెలసిన సంగతి మీకు తెలుసు. అక్కడ బొంబాయిలో హబీబ్ నాటకాలలో మునిగి ఉన్న రోజులలోనే ఇక్కడ గుంటూరు సీమలో షేక్ నాజర్ బుర్రకథకు కొత్త ఊపిరి పోస్తున్నారు.

1954లో ఢిల్లీ చేరిన హబీబ్ ‘ఆగ్రా బజార్’ అనే నాటకాన్ని ప్రదర్శించారు. పండితులు చిన్నచూపు చూసినా, వీధులలో బిచ్చగాళ్ళూ చిరువర్తకులూ పాడుకొన్న నజీర్ అక్బరాబాదీ కవిత్వం దాని ఇతివృత్తం. నాటకంలో నజీర్ కవి ఒక్కసారి కూడ రంగస్థలం మీదకు రాడు. ఆయన కవిత్వమే వస్తుంది. దోసకాయలమ్మేవాడు తన కాయల మీద ఒక పాట వ్రాయించుకొని పాడుకొంటూ వచ్చేసరికి సరుకంతా అమ్ముడుపోతుంది. జామియా మిలియా విద్యార్థులతోపాటు పొరుగున ఉన్న ఓఖ్లా గ్రామవాసులు కూడ అందులో పాల్గొన్నారు. సామాన్యుని నోట పలికే కవిత్వానికి ఎంత శక్తి ఉన్నదో ఆయన అప్పుడే కనిపెట్టారు. కాని ఆ శక్తి ఎక్కడ నుంచి వస్తుందో పూర్తిగా తెలియడానికి ఇంకా కాలం పట్టింది.

1955లో నటనలో శిక్షణ కోసం ఇంగ్లండు వెళ్ళారు. లండనులో రాయల్ అకాడమీ ఆఫ్ డ్రమటిక్ ఆర్ట్ విద్యార్థిగా ఉండగా ఆయనకు ఒక సందేహం కలిగింది. భాష మారితే మాట తీరు మారుతుంది; మాట తీరు మారితే నడక మారుతుంది, చేయి కదిపే పద్ధతి మారుతుంది. మరి ఆంగ్ల భాషలో నటించడం నేర్చుకొని స్వదేశంలో ఏమి చేయాలి? ఆ సందేహంతోనే ఆయన ఆ శిక్షణను విడిచి, బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక విద్యాలయంలో దర్శకత్వం అభ్యసించారు. అనంతరం ఐరోపా దేశాలలో పర్యటించి 1956లో బెర్లిన్ చేరుకొన్నారు. జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెహ్ట్‌ను దర్శించాలన్న కోరిక మాత్రం తీరలేదు. ఆ సంవత్సరం ఆగస్టు 14వ తేదీననే బ్రెహ్ట్ మరణించారు. అయినా హబీబ్ సుమారు ఎనిమిది నెలలు బెర్లిన్‌లో ఉండి, బ్రెహ్ట్ స్థాపించిన బెర్లినర్ ఆన్‌సాంబ్ల్ సంస్థ ప్రదర్శనలను శ్రద్ధగా చూశారు.

ఆ సంస్థలో ఆనాటి ప్రముఖ నటులలో ఎర్నెస్ట్ బుష్ ఒకరు. ఉక్కు కర్మాగారం నీడలో పెరుగుతున్న మీకు ఆయన జీవితం ఆసక్తి కలిగించగలదు. 1900వ సంవత్సరంలో కీల్ ఓడరేవులో ఒక శ్రామిక కుటుంబంలో జన్మించిన బుష్, ఓడల కర్మాగారంలో ఫిట్టరు పని నేర్చుకొని, అక్కడ నుంచి రంగస్థలానికి వచ్చారు. 1931లో పాబ్‌స్ట్ దర్శకత్వం వహించిన ‘త్రీపెన్నీ ఒపేరా’ చలనచిత్రంలో వీధి గాయకునిగా కనిపించారు. 1933లో హిట్లరు అధికారానికి రాగానే దేశం విడిచి వెళ్ళవలసి వచ్చింది. యుద్ధకాలంలో ఫ్రాన్సులో నిర్బంధ శిబిరాల పాలై, 1943లో జర్మన్ రహస్య పోలీసులకు చిక్కారు. బెర్లిన్ కారాగారంలో ఉండగా జరిగిన బాంబుల దాడిలో ఆయన ముఖం ఒక ప్రక్క చచ్చుబడిపోయింది. నటునికి ముఖమే పోతే ఇంకేమి మిగులుతుంది? అయినా యుద్ధానంతరం ఆయన మళ్ళీ రంగస్థలం ఎక్కారు. ‘కకేషియన్ చాక్ సర్కిల్’లో న్యాయమూర్తి అజ్డాక్‌గా, 1957లో గెలీలియోగా ఆయన ధరించిన పాత్రలు చరిత్రలో నిలిచాయి. అందమైన ముఖం కాదు, తాను పుట్టి పెరిగిన జీవితమే నటునికి మూలధనమని చెప్పడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

జర్మనీ నుంచి హబీబ్ తెచ్చుకొన్నది బ్రెహ్ట్ పద్ధతులకు నకలు కాదు. బ్రెహ్ట్ తన ప్రేక్షకులకోసం, తన భాషలో, తన దేశపు పాటలతో నాటకం నిర్మించారు. అదే పని మనమూ చేయాలంటే మన ఊరికి తిరిగిపోవాలి. హబీబ్ గ్రహించినది ఇదే. 1958లో స్వదేశం వచ్చి రాయపూర్‌లో ఇంటికి వెళ్ళినప్పుడు, ఛత్తీస్‌గఢ్ పల్లెల వినోదమైన ‘నాచా’ ప్రదర్శనను రాత్రంతా మేలుకొని చూశారు. మన వీధి భాగవతం వలెనే అది దీపాలు పెట్టిన వేళ మొదలై తెల్లవారేదాక సాగుతుంది. ఆ నటుల హాస్యానికీ, సమయస్ఫూర్తికీ ముగ్ధులై, ఠాకూర్‌రామ్, మదన్‌లాల్, లాలూరామ్, భుల్వారామ్, బాబూదాస్, జగమోహన్ అనే ఆరుగురిని ఢిల్లీకి తీసుకొనిపోయి, శూద్రకుని ‘మృచ్ఛకటికం’ను ‘మిట్టీకీ గాడీ’ పేరిట ప్రదర్శించారు. 1959లో సహధర్మచారిణి మోనికా మిశ్రాతో కలిసి ‘నయా థియేటర్’ స్థాపించారు.

ఇక్కడనే ఆయన పొరబడ్డారు. ఊరి ఆరుబయట సింహాల వలె విజృంభించిన ఆ నటులు, నగరపు వేదిక మీద బిగుసుకుపోయేవారు. ఠాకూర్‌రామ్ వంటి మహానటుడు సైతం వెలవెలబోయేవాడు. కారణం అంతుపట్టక హబీబ్ సంవత్సరాల తరబడి మథనపడ్డారు. చివరకు రెండు తప్పులు కనిపెట్టి, వాటిని ఆయనే నిస్సంకోచంగా చెప్పుకొన్నారు. మొదటిది: ఇటు నడు, అటు తిరుగు అని ముందుగానే గీతలు గీసి, చదువురాని ఆ కళాకారులను వాటిలో బంధించడం. రెండవది, అంతకంటె పెద్దది: ఛత్తీస్‌గఢీ మాతృభాషగా గలవారి చేత హిందీలో మాట్లాడించడం. మనిషి తన భాషలో స్వేచ్ఛగా ఉంటాడు. అరువు భాషలో జాగ్రత్తగా ఉంటాడు. జాగ్రత్తపడుతున్న మనిషి హాస్యం పలికించలేడు, ఏడ్చి ఏడిపించలేడు.

ఈ సంకెళ్ళు తెగిన సంవత్సరం 1973. రాయపూర్‌లో జరిగిన ఒక శిక్షణ శిబిరంలో మూడు నాచా కథలను కలిపి ‘గావ్ కా నామ్ ససురాల్, మోర్ నామ్ దామాద్’ నాటకం తయారయింది. నటులు తమ భాషలో తాము మాట్లాడారు. ఢిల్లీ ప్రేక్షకులు అర్థం కాదని లేచిపోలేదు, ఆనందంతో ఆదరించారు.

మరుసటి సంవత్సరం, 1974లో, హబీబ్ భిలాయి వచ్చారు. ఇక్కడ శిబిరం నడుపుతూ, రాజస్థానీ రచయిత విజయదాన్ దేథా చెప్పిన ఒక దొంగ కథను నటులకు వినిపించారు. కథానాయకుడు గురువుగారి ఎదుట తమాషాకు నాలుగు ప్రతిజ్ఞలు చేస్తాడు: బంగారు పళ్ళెంలో తినను, ఏనుగు మీద ఊరేగను, రాణిని పెళ్ళాడను, రాజును కాను. గురువు ఐదవదిగా, అబద్ధమాడవద్దు అంటాడు. దొంగతనం మానకపోయినా ఆడిన మాట తప్పనందుకే చివరకు వాడు ప్రాణం కోల్పోతాడు. సత్యమే దైవమని బోధించిన గురు ఘాసీదాస్ అనుయాయులైన సత్‌నామీలకు ఈ కథ తమదే అనిపించింది. వారి పంథీ పాటలు అందులో చేరాయి. అసంపూర్ణంగా ఉన్న ఆ నాటకాన్ని ‘చోర్ చోర్’ అనే పేరుతో ఇక్కడి మైదానంలోనే ప్రజల ఎదుట మొదటిసారి ఆడారు. అదే 1975లో ‘చరణ్‌దాస్ చోర్’ అయింది. ఆ సంవత్సరమే మన హైదరాబాదులో పుట్టి పెరిగిన శ్యామ్ బెనెగల్ దానిని బాలల చలనచిత్రంగా తీశారు. లాలూరామ్ అందులో దొంగ పాత్ర ధరించారు. 1982లో స్కాట్లండు దేశపు ఎడిన్‌బరో నాటకోత్సవంలో ఈ నాటకం ‘ఫ్రింజ్ ఫస్ట్’ బహుమతి పొందింది. ఛత్తీస్‌గఢీలో ఒక్క మాట కూడ ఎరుగని ప్రేక్షకులు దానికి పట్టం కట్టారు!

తాను జానపద నాటకాలు ఆడించడం లేదని, జానపద నటులతో ఆధునిక నాటకం ఆడిస్తున్నానని హబీబ్ అనేవారు. 1978లో బ్రెహ్ట్ నాటకమే ఒకటి ‘శాజాపూర్ కీ శాంతీబాయి’గా ఛత్తీస్‌గఢీ మాట్లాడింది. బెర్లిన్‌లో మొదలైన ప్రయాణం అలా ఒక వృత్తం పూర్తి చేసుకొన్నది. రాజ్యసభ సభ్యత్వమూ, 1983లో పద్మశ్రీ, 2002లో పద్మభూషణ్ ఆయనను వరించాయి. ‘గాంధీ’, ‘ప్రహార్’ వంటి చిత్రాలలో నటించారు. 2005లో ‘మంగళ్ పాండే’ చిత్రంలో బహదూర్ షా జఫర్ పాత్ర ధరించారు. ఆయన బృందంలోని గోవిందరామ్ నిర్మల్కర్‌కు 2009లో పద్మశ్రీ లభించింది. ఆ సంవత్సరం జూన్ 8వ తేదీన భోపాల్‌లో హబీబ్ కన్నుమూశారు. ఎర్నెస్ట్ బుష్ మరణించినది కూడ జూన్ 8వ తేదీనే, 1980లో.

మిత్రులారా, ఈ పాఠం తెలుగువారికి కొత్తది కాదు. 1892లో విజయనగరంలో ‘కన్యాశుల్కం’ ఆడించిన గురజాడ అప్పారావుగారు, ఆ ఊరి మనుషులను ఆ ఊరి మాటలతోనే మాట్లాడించారు. ఆ విజయనగరం నుంచీ, శ్రీకాకుళం నుంచీ వచ్చిన కుటుంబాలే ఇక్కడ ఎన్నో ఉన్నాయి. అటువంటి ఇళ్ళలో పిల్లలు, తమ మామ్మ మాట్లాడే యాసను నలుగురిలో వినిపించడానికి సిగ్గుపడడం నేను చూశాను. బడిలో హిందీ, ఉద్యోగానికి ఆంగ్లం, సభలో పుస్తకాల తెలుగు. ఇక మామ్మ మాట వంటింటికే పరిమితమైపోయింది. హిందీ నేర్వవద్దని నేను అనను. దాని వలననే నేను అన్నం తింటున్నాను. పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢీని కూడ నేర్చుకోండని కోరుతాను. కాని ఇచ్చిపుచ్చుకోవడమే సమైక్యత అయినప్పుడు, ఇవ్వడానికి మన చేతిలో ఏదో ఒకటి ఉండాలి కదా! ఠాకూర్‌రామ్ తన భాషను దాచుకొన్నంతకాలం ఆయన నుంచి దేశం ఏమీ పొందలేకపోయింది.

నా అనువాదాన్ని నేను చింపివేశాను. ఇప్పుడు ఆ పెద్దాయన వద్ద కూర్చొని, ఒక్కొక్క మాట అడిగి మళ్ళీ వ్రాస్తున్నాను. ‘మేస్టారి’ దొంగ కొద్దికొద్దిగా దొంగ అవుతున్నాడు! విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఈ సెలవులలో మీ ఇంటి పెద్దల నోట ఒక్క కథ వినండి. దిద్దకుండా, వారు చెప్పినది చెప్పినట్లే వ్రాసుకొనండి. వచ్చే సమావేశంలో దానిని ఆ యాసతోనే ఇక్కడ చదవండి. మొదటి వరుసలో కూర్చొని వినడానికి నేను సిద్ధంగా ఉంటాను.