కణం వాకిట గ్రాహకం
(ప్రసంగ పాఠం)



ఉదయం ప్రార్థనలో చక్కగా పాడిన బాలిక మధ్యాహ్నం పాఠం చదవమంటే నాలుగు పంక్తులు చదివేసరికే గొంతు సన్నగిల్లి ఆగిపోతుంది. కనురెప్పలు వాలిపోతాయి. చేయి ఎత్తి నల్లబల్లపై రాయమంటే రెండు మాటలు రాసి చేయి దించుతుంది. కొంతసేపు కూర్చుంటే మళ్లీ మామూలు మనిషి అవుతుంది. చూసినవారు బద్ధకమంటారు, నిద్రమత్తంటారు, పని తప్పించుకునే నటన అంటారు. ఇటువంటి నిందను తరతరాలుగా మోసిన రోగులు ప్రపంచంలో ఎందరో ఉన్నారు. ఆ బలహీనత నటన కాదని, దానికి మూలం కంటికి కనిపించని ఒక అణువులో ఉన్నదని నిర్ధారణ కావడానికి సుమారు మూడు వందల సంవత్సరాలు పట్టింది. ఆ అణువు పేరు గ్రాహకం. నేటి ప్రసంగానికి అదే విషయం.

మన శరీరంలోని ప్రతి కణానికీ ఒక పలుచని పొర ఉన్నది. ఆ పొరలో అమరి ఉండే ఒక తరహా మాంసకృత్తులకు గ్రాహకాలని పేరు. బయటి నుండి వచ్చే రసాయన వార్తను గుర్తించి, కణం లోపలికి అందజేయడం వాటి పని. ప్రతి గ్రాహకం తనకు తగిన ఆకృతి గల అణువునే గుర్తిస్తుంది. తాళానికి దాని తాళపుచెవి ఒక్కటే సరిపోయినట్లు గ్రాహకానికీ దాని వార్తాహరుడే సరిపోతాడు.

ఈ భావన రెండు దేశాలలో, రెండు వేర్వేరు దారులలో పుట్టడం విశేషం. జర్మనీలో పాల్ ఎర్లిఖ్ రోగనిరోధక శక్తిని పరిశోధిస్తూ, విషపదార్థాలు కణానికి అంటుకోవడానికి కణంపైన ప్రత్యేకమైన భాగాలు ఉండి తీరాలని 1897లో ప్రతిపాదించారు. 1900 నాటికి ఆయన వాటిని గ్రాహకాలని పిలిచారు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ నాడులను, కండరాలను పరిశోధించారు. కోడి కండరానికి పోయే నాడిని కోసి, అది క్షీణించిన తరువాత కూడా నికోటిన్ తగిలితే ఆ కండరం ముడుచుకుంటున్నదని, క్యురారే అనే బాణపు విషం ఆ చర్యను అడ్డుకుంటున్నదని ఆయన గమనించారు. ఆ రెండు పదార్థాలనూ స్వీకరించే వస్తువు నాడిలో కాక కండరంలోనే ఉన్నదని 1905లో ప్రకటించారు. ఒకరు రోగనిరోధక వ్యవస్థ నుండి, మరొకరు నాడీవ్యవస్థ నుండి బయలుదేరి ఒకే గమ్యం చేరుకున్నారు. ఈ రెండు వ్యవస్థలూ ఒకే రోగి శరీరంలో ఒకే గ్రాహకం దగ్గర ఢీకొంటాయని ఆనాడు వారిద్దరికీ తెలియదు.

నాడి కండరానికి ఆజ్ఞ ఇచ్చే విధానాన్ని ముందుగా తెలుసుకోవాలి. నాడి కొసకూ కండరానికీ మధ్య సన్నని ఖాళీ ఉన్నది. దాని వెడల్పు మిల్లీమీటరులో సుమారు 20,000వ వంతు. నాడిలో విద్యుత్ సంకేతం కొస వరకు రాగానే అక్కడ ఎసిటైల్‌కోలీన్ అనే రసాయనం విడుదల అవుతుంది. అది ఖాళీని దాటి, ఆవలి గట్టున ఉన్న కండర గ్రాహకాలను చేరుతుంది. ఒక్కొక్క గ్రాహకం అయిదు మాంసకృత్తు ఖండాలు వలయంగా కూడి ఏర్పడిన ద్వారం. రెండు ఎసిటైల్‌కోలీన్ అణువులు అంటుకోగానే ఆ ద్వారం క్షణంలో వెయ్యవ వంతు పాటు తెరుచుకుంటుంది. సోడియం అయాన్లు లోనికి ప్రవేశిస్తాయి. కండరం ముడుచుకుంటుంది. పని ముగిసిన ఎసిటైల్‌కోలీన్‌ను అక్కడే ఉన్న ఒక ఎంజైము ముక్కలు చేస్తుంది. ఈ రసాయన వార్తా విధానాన్ని నిరూపించినందుకు ఆటో లోవీ, హెన్రీ డేల్ 1936లో నోబెల్ బహుమతిని పంచుకున్నారు.

ఇక వ్యాధి సంగతి. ఉదయం చక్కగా మాట్లాడి, ఎక్కువసేపు మాట్లాడిన తరువాత మాట పూర్తిగా పడిపోయే ఒక స్త్రీ గురించి థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు 1672లోనే రాశారు. ఆ వ్యాధికి తరువాతి కాలంలో మయస్తీనియా గ్రేవిస్ అని పేరు వచ్చింది. తీవ్రమైన కండర బలహీనత అని దాని అర్థం. పరీక్షిస్తే నాడి బాగానే ఉంటుంది, కండరమూ బాగానే ఉంటుంది. అయినా పని జరుగదు. వైద్యులకు ఇది చిరకాలం చిక్కుముడిగా నిలిచింది.

1934లో లండన్ గ్రీనిచ్‌లోని సెంట్ ఆల్ఫీజ్ ఆసుపత్రిలో మేరీ వాకర్ అనే వైద్యురాలు ఆ ముడిలో మొదటి పోగును విప్పారు. ఈ రోగుల లక్షణాలు క్యురారే విషం సోకినవారి లక్షణాలను పోలి ఉన్నాయి. అటువంటప్పుడు క్యురారేకు విరుగుడైన ఫైసోస్టిగ్మిన్ ఇక్కడ మాత్రం ఎందుకు పని చేయకూడదని ఆమె ఆలోచించారు. సూదిమందు ఇచ్చిన కొద్దిసేపటికే వాలిన రెప్పలు లేచాయి. ఎసిటైల్‌కోలీన్‌ను ముక్కలు చేసే ఎంజైమును ఆ మందు నిలుపుతుంది. అందుచేత వార్తాహరుడు ఎక్కువసేపు నిలిచి ఉంటాడు. లోపం నాడికండర సంధిలోనే ఉన్నదని దీనితో తేలిపోయింది. అయితే ఆ లోపం ఏమిటి? 1960లో స్కాట్లాండు వైద్యుడు జాన్ సింప్సన్ ఒక సాహసోపేతమైన ఊహ చేశారు. రోగి శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే తన సొంత గ్రాహకాలపై దాడి చేస్తున్నదేమో అన్నారు. రుజువు చేయడానికి అప్పటికి సాధనం లేదు.

ఆ సాధనం పాము కోరలో దొరికింది. తైవాన్ దేశపు శాస్త్రజ్ఞులు చాంగ్, లీ 1963లో అక్కడి కట్లపాము జాతి విషం నుండి ఆల్ఫా బుంగారోటాక్సిన్ అనే పదార్థాన్ని వేరు చేశారు. అది కండరంలోని ఎసిటైల్‌కోలీన్ గ్రాహకాన్ని పట్టుకుంటే విడువదు. కట్లపాము కాటుకు గురైన వారికి మొదట కనురెప్పలు వాలడం మన పల్లెలలో పెద్దలు ఎరిగిన సంగతే. ఆ విషానికి రేడియోధార్మిక గుర్తు తగిలిస్తే గ్రాహకాలు ఎక్కడ, ఎన్ని ఉన్నాయో లెక్కించవచ్చు. ప్రాణం తీసే విషం పరిశోధకుని చేతిలో కొలబద్ద అయింది. దక్షిణ అమెరికా నదులలో విద్యుత్తును పుట్టించే ఈల్ చేప ఉన్నది. దాని విద్యుదవయవం నిండా ఇవే గ్రాహకాలు కిక్కిరిసి ఉంటాయి కనుక, వాటిని శుద్ధి చేసి తీయడం సాధ్యపడింది.

1973లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, సాల్క్ పరిశోధన సంస్థలో జిమ్ ప్యాట్రిక్, జాన్ లిండ్‌స్ట్రామ్ ఆ విధంగా శుద్ధి చేసిన ఈల్ గ్రాహకాన్ని కుందేళ్లకు సూదిద్వారా ఎక్కించారు. వారి ఉద్దేశం వ్యాధిని శోధించడం కాదు. గ్రాహకాన్ని గుర్తుపట్టే ప్రతిరక్షకాలను తయారు చేసుకోవడం మాత్రమే. ప్రతిరక్షకాలు తయారైనాయి. కాని కుందేళ్లు కూలబడిపోయాయి. వాటి అవయవాలు వేలాడిపోయాయి. మయస్తీనియా రోగులకు వాడే తరహా మందు ఇవ్వగానే అవి కొంతసేపు తేరుకున్నాయి. చేప గ్రాహకాన్ని ఎదిరించడానికి పుట్టిన ప్రతిరక్షకాలు, దానిని పోలిన తమ సొంత కండర గ్రాహకాలనే దెబ్బతీశాయి. ఒక పనికి పూనుకుంటే మరొక సత్యం బయటపడింది. ఆ సత్యాన్ని విఫల ప్రయోగమని పక్కకు నెట్టక, ఆగి ఆలోచించడంలోనే ఆ శాస్త్రజ్ఞుల గొప్పతనం ఉన్నది.

అదే సంవత్సరం ఫాంబ్రో, డ్రాక్‌మన్, సత్యమూర్తి అనే ముగ్గురు పరిశోధకులు రోగుల కండరాలలో గ్రాహకాలను పాము విషంతో లెక్కించారు. ఆరోగ్యవంతులతో పోలిస్తే అవి 11 నుండి 30 శాతం మాత్రమే ఉన్నాయి. 1976లో లిండ్‌స్ట్రామ్ బృందం రోగుల రక్తంలోనే ఆ ప్రతిరక్షకాలను చూపించింది. శరీరమంతటా బలహీనత గల రోగులలో సుమారు 85 శాతం మందికి అవి కనిపిస్తాయి. ఈ వ్యాధి గల తల్లులకు పుట్టిన కొందరు శిశువులు కొన్ని వారాలపాటు బలహీనంగా ఉండి, తరువాత తామే కోలుకోవడానికి కారణం కూడా తెలిసింది. తల్లి ప్రతిరక్షకాలు మాయ ద్వారా బిడ్డను చేరుతాయి. అవి క్రమంగా క్షీణించగానే బిడ్డ బలపడుతుంది.

ఉదయం బాగుండి సాయంత్రానికి సోలిపోవడంలోని రహస్యం కూడా ఇందులోనే ఉన్నది. కండరం వరుసగా పనిచేసేటప్పుడు నాడి విడుదల చేసే ఎసిటైల్‌కోలీన్ సారిసారికీ కొద్దిగా తగ్గుతుంది. ఆరోగ్యవంతునికి గ్రాహకాలు అవసరానికి మించి ఉంటాయి కనుక ఆ తగ్గుదల తెలియదు. నిండుగా ధాన్యం ఉన్న గాదె నుండి నాలుగు కుంచాలు పోయినా ఇల్లు గడుస్తుంది. గాదె అడుగంటిన ఇంట ఆ నాలుగు కుంచాలే ప్రాణం. రోగిది అడుగంటిన గాదె. విశ్రాంతి తీసుకుంటే నాడి తన నిల్వను మళ్లీ నింపుకుంటుంది, బలం తిరిగి వస్తుంది.

కారణం తెలిసిన తరువాత చికిత్స దిశ మారింది. ఎంజైమును నిలిపే మాత్రలతో పాటు రోగనిరోధక చర్యను అదుపుచేసే మందులు, రక్తరసం నుండి ప్రతిరక్షకాలను తొలగించే పద్ధతి వాడుకలోకి వచ్చాయి. రొమ్ము ఎముక వెనుక ఉండే థైమస్ గ్రంథిని తొలగించడం తగిన రోగులకు మేలు చేస్తుందని 126 మంది రోగులతో జరిపిన అధ్యయనం 2016లో ధ్రువపరిచింది. ఒకప్పుడు ఊపిరి అందక మరణించిన రోగులవంటి వారు నేడు అధికసంఖ్యలో ఉద్యోగాలు చేసుకుంటూ, సంసారాలు నడుపుకుంటూ జీవిస్తున్నారు.

ఇటువంటి పొరపాటు మెదడులోనూ జరుగుతుంది. 2007లో అమెరికాలో జోసెప్ డాల్మావ్ బృందం పన్నెండు మంది స్త్రీల వ్యాధిని వివరించింది. హఠాత్తుగా మతి చలించడం, లేనివి కనిపించడం, మూర్ఛలు, స్పృహ తప్పడం వారి లక్షణాలు. జ్ఞాపకశక్తికి ఆధారమైన ఎన్‌ఎండిఎ అనే గ్రాహకంపై ప్రతిరక్షకాలు పుట్టడమే అందుకు కారణం. వారికి ఉన్న కణితి, అధికులలో అండాశయపు కణితి, ఆ ప్రతిరక్షకాల పుట్టుకకు దారి తీసింది. ప్రతిరక్షకాలు అంటుకున్న గ్రాహకాలను నాడీకణం లోపలికి లాగుకుంటుంది. అవి తొలగిపోతే గ్రాహకాలు మళ్లీ పైకి వస్తాయి. అందుచేతనే సకాలంలో చికిత్స అందిన వారిలో అధికులు కోలుకుంటారు. ఈ లక్షణాలు గల యువతిని మన ఊళ్లలో దయ్యం పట్టిందని భూతవైద్యుని వద్దకు తీసుకుపోతే ఎంత విలువైన కాలం వృథా అవుతుందో తల్లిదండ్రులు ఆలోచించాలి.

శరీరం తనను తాను బాధించుకోవడానికి ఎన్నడూ జంకుతుందని ఎర్లిఖ్ భావించారు. సాధారణంగా అది నిజమే. ఆ నియమం తప్పినప్పుడు కలిగే కష్టాన్ని మాన్పడానికి ఆయన పేరు పెట్టిన గ్రాహకమే దారి చూపింది.

తెలుగులో గ్రహించడం అనే మాటకు రెండు అర్థాలున్నాయి. పుచ్చుకోవడం ఒకటి, తెలుసుకోవడం మరొకటి. ఆ రెండూ ఇమిడిన గ్రాహకం అనే పదం తెలుగు మాధ్యమంలో చదివే విద్యార్థికి వినగానే సగం పాఠం చెబుతుంది. ఉపాధ్యాయులకు అది చెప్పే పాఠం మరొకటి ఉన్నది. మధ్యాహ్నానికి రెప్పలు వాలే ప్రతి విద్యార్థికీ ఈ వ్యాధి ఉండదు. ఇది అరుదైనదే. ఆకలి, రక్తహీనత, నిద్రలేమి వంటి కారణాలు ఎక్కువ. కాని వాటిలో ఏ ఒక్కటీ బెత్తంతో నయమయ్యేది కాదు. విశ్రాంతితో తేరుకుని, పనితో సోలిపోయే బిడ్డ కనిపిస్తే సోమరి అని పేరు పెట్టకముందే తల్లిదండ్రులను పిలిపించి, వైద్యుని వద్దకు పంపడం పాఠశాల ధర్మం. రోగి చెప్పిన మాట నిజమని విజ్ఞానం రుజువు చేయడానికి మూడు వందల సంవత్సరాలు పట్టింది. బిడ్డ చెప్పిన మాటను నమ్మడానికి గురువుకు ఒక పూట చాలు.

స్వస్తి.